లిఫ్ట్ లేవట్లేదా, క్లచ్ జారుతోందా? పాత చిన్న ట్రాక్టర్‌లో లోపం ఎక్కడుందో విప్పకముందే పట్టుకోవడం ఎలా

పాత చిన్న ట్రాక్టర్‌కి లిఫ్ట్ (వెనక పనిముట్టుని ఎత్తి దించే భాగం) లేవకపోతే అందరి నోటా ముందు వచ్చే మాట "పంపు పోయింది". నేనూ ఒకసారి ఆ మాట నమ్మాను. పంపు విప్పి, కొత్తది బిగించి, స్టార్ట్ చేసి చూస్తే లిఫ్ట్ మళ్లీ అలాగే ఆగి ఆగి లేచింది. రెండు రోజులు వెతికాక దొరికింది అసలు కారణం: పంపుకి ఆయిల్ తెచ్చే సక్షన్ పైపు జాయింటులో ఉన్న 'ఓ రింగు' అనే గుండ్రటి రబ్బరు సీలు. వేళ్ల మధ్య పెట్టి వంచితే రబ్బరులా సాగలేదు, ఎండుపుల్లలా పుటుక్కున విరిగింది. పాత పంపు బాగానే ఉందని అప్పుడు తెలిసింది. ఆ రోజు నుంచి నాది ఒకటే పద్ధతి. లోపం ఏ వైపు ఉందో తేలేదాకా పెద్ద బోల్టు ఒక్కటి కూడా విప్పను. ఈ వ్యాసం అంతా అలా తేల్చుకోవడం గురించే.

ముందుగా ఒక సంగతి తెలిసి ఉండాలి. ఈ రకం ట్రాక్టర్లలో చాలావాటికి గేర్ బాక్సు, డిఫరెన్షియల్ (మలుపులో రెండు వెనక చక్రాల్ని వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్లు), హైడ్రాలిక్ లిఫ్ట్ అన్నీ ఒకే ఆయిల్ వాడుకుంటాయి. తడి బ్రేకులున్న బళ్లలో బ్రేకు ప్లేట్లు కూడా అందులోనే మునిగి ఉంటాయి. గేరు అరిగి రాలిన ఇనుప రజను లిఫ్ట్ జాలికి చేరుతుంది. లిఫ్ట్ వేడెక్కించిన ఆయిల్ గేర్ బేరింగుల మీద పడుతుంది. అందుకే రెండు వైపులా జబ్బులు కలిసే వస్తాయి.

మొదలుపెట్టే ముందు

చదునైన గట్టి నేల మీద బండి ఆపండి. పనిముట్టు కిందికి దించండి, పార్కింగ్ బ్రేకు వేయండి, చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మెలు ఆనించండి. లేపి ఉంచిన పనిముట్టు కిందికి దూరొద్దు. ఆ బరువునంతా ఆపుతున్నది లోపల ఒక రబ్బరు రింగు మాత్రమే, అది బాగోలేదనే కదా మీరు చూస్తున్నారు. పైకి లేపి ఉంచి పని చేయక తప్పకపోతే గట్టి స్టాండ్లు పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

ఇంకొకటి. ఇంజిన్ నడుస్తుండగా ప్రెషర్ పైపుల దగ్గర లీకు కోసం చేత్తో తడమొద్దు. ఈ వ్యవస్థలో ఒత్తిడి సుమారు 150 బార్ దాకా పోతుంది. అంటే చదరపు సెంటీమీటరుకి 150 కిలోల పైమాటే. సూదిమొనంత రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపిస్తుంది, నొప్పి కూడా వెంటనే తెలియకపోవచ్చు. అలా జరిగితే కాసేపు చూద్దాంలే అనుకోకుండా అప్పటికప్పుడే ఆస్పత్రికి వెళ్లాలి, ఆపరేషన్ చేసి లోపలి ఆయిల్ తీయాల్సి రావచ్చు. లీకు వెతకడానికి ఒక అట్టముక్క పట్టుకోండి, తడి మచ్చ దాని మీదే పడుతుంది.

ఆయిల్ చూడటం

లిఫ్ట్ చేతులు పూర్తిగా దించి, ఇంజిన్ ఆపి, కొన్ని నిమిషాలు ఆగాక డిప్ స్టిక్ తీయండి. చేతులు పైకి ఉండగా చూస్తే సిలిండర్‌లో ఉన్న ఆయిల్ లెక్కలోకి రాదు. అలా తక్కువ చూపించిందని పోసి పోసి ఎక్కువైన బళ్లు చాలా చూశాను.

ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే కారణం రెండిట్లో ఒకటి, నీళ్లు లేదా గాలి. తేడా కనుక్కోవడం తేలికే. గాజు సీసాలో కాస్త పట్టి ఒక రాత్రి కదపకుండా ఉంచండి. గాలి బుడగలైతే గంట రెండు గంటల్లో విడిపోయి ఆయిల్ తేటపడుతుంది. తెల్లారినా తెల్లగానే ఉంటే నీళ్లే. ఇంకా అనుమానం ఉంటే కళ్లద్దాలు పెట్టుకుని, బాగా కాలిన రేకు మీద ఒక్క చుక్క వేయండి. నీళ్లుంటే చిటపటమంటుంది.

పాత బళ్లలో నీళ్లు ఎక్కువగా గేర్ లివర్ కింది రబ్బరు బూటు చిరిగి లోపలికి పోతాయి. ఎండావానల్లో బయటే నిలబెట్టే బండికి ఇది మామూలే. ముందు బూటు మార్చండి, ఆ తర్వాతే ఆయిల్. బండిని రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున్నే ఇంజిన్ తిప్పకుండా డ్రెయిన్ ప్లగ్ మెల్లగా వదులు చేస్తే అడుగున పేరుకున్న నీళ్లు ముందుగా వస్తాయి. ఎంత వచ్చాయో చూస్తే సమస్య ఎంతకాలంగా ఉందో అంచనా దొరుకుతుంది. పూర్తిగా తెల్లబడిన ఆయిల్‌ని మాత్రం మొత్తం మార్చాల్సిందే.

డ్రెయిన్ ప్లగ్‌కి అయస్కాంతం ఉంటే దాన్ని తుడవకముందే బాగా చూడండి. బూడిదరంగు మెత్తటి ముద్ద ఉంటే భయపడక్కర్లేదు, మామూలు అరుగుదలే. వేళ్లకు గుచ్చుకునే ఇనుప ముక్కలు కనిపిస్తే గేరు పళ్లో బేరింగో విరుగుతున్నాయి. అయస్కాంతానికి అంటుకోకుండా ఆయిల్‌లో పసుపుపచ్చగా మెరిసే రేకులుంటే కంచు బుష్షులు, థ్రస్ట్ వాషర్లు అరుగుతున్నాయి. ఈ రెండూ కనిపించాక లిఫ్ట్ ఒక్కటే బాగుచేసి ఊరుకోవడం దండగ.

ఏ ఆయిల్ పోయాలో మాన్యువల్‌లో రాసిందే పోయండి. గేర్లు, హైడ్రాలిక్, తడి బ్రేకులు మూడింటికీ కలిపి తయారుచేసే యూటీటీఓ రకం వేరు, డిఫరెన్షియళ్లకి విడిగా పోసే చిక్కటి 90 నంబరు ఆయిల్ వేరు. చిక్కటిది పోస్తే చలిపూట పంపు దాన్ని పీల్చలేదు, తడి బ్రేకులు కీచుమంటాయి.

లిఫ్ట్: లక్షణాన్ని బట్టి వెళ్లండి

అసలు లేవడం లేదంటే ముందు బయట చూడండి. బయటి హైడ్రాలిక్ పాయింటు ఉన్న బళ్లలో పంపు బ్లాకు మీద ఆయిల్‌ని అటో ఇటో మళ్లించే నాబ్ ఉంటుంది. ఎవరో దాన్ని తిప్పి వదిలేస్తే లిఫ్ట్‌కి ఆయిల్ పోదు. లోడర్ ఉన్న బండికి ఆయిల్ ముందు లోడర్ చుట్టి, ఆ తర్వాత లిఫ్ట్‌కి రావాలి. లోడర్ తీసేసి పైపుల రెండు కొసలనూ ఒకదానికొకటి కలపకుండా వదిలేస్తే దారి మూసుకుపోతుంది, పంపు అరుస్తుంది, ఒక్కోసారి పగులుతుంది కూడా. క్విక్ కప్లర్ పూర్తిగా కూర్చోకపోయినా ఇదే కథ. నొక్కి, లాగి చూడండి.

డ్రాఫ్ట్ కంట్రోల్ ఉన్న బండైతే ఆ లివర్ కూడా చూడాలి. నాగలి మీద పడే లాగుడుని టాప్ లింక్ (పనిముట్టుని పై నుంచి బండికి కలిపే కడ్డీ) ద్వారా పసిగట్టి లిఫ్ట్ తనంతట తాను కాస్త లేవడం, దిగడం హ్యారీ ఫెర్గూసన్ చూపించిన దారి. 1939లో ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టర్‌తో అది విరివిగా వాడకంలోకి వచ్చింది. ఆ లివర్ మధ్యలో ఉండిపోతే లిఫ్ట్ ఎత్తు నిర్ణయించే పొజిషన్ లివర్ ఎంత లాగినా లిఫ్ట్ తన ఇష్టం వచ్చినట్టు ఆడుతుంది. పరీక్షలన్నిటికీ ముందు డ్రాఫ్ట్ లివర్‌ని అది పనిచేయని చివరకి నెట్టేయండి.

ఆగి ఆగి లేస్తోంది, పంపు వైపు నుంచి గులకరాళ్లు కదిలినట్టు గరగర శబ్దం వస్తోంది, ఆయిల్ నురగగా ఉంది అంటే పంపుకి ఆయిల్ చాలడం లేదు, లేదా ఆయిల్‌తో పాటు గాలి పీలుస్తోంది. ఇక్కడ నాలుగు పనులు ఇదే వరుసలో చేయండి.

1. ఆయిల్ మట్టం చూడండి. మట్టం కాస్త తక్కువైనా ఎగుడుదిగుడు నేల మీద సక్షన్ నోరు బయటపడి గాలి పీలుస్తుంది.

2. ఫిల్టర్, జాలి తీయండి. పాత బళ్లలో తీగ జాలి ఉంటుంది, డీజిల్‌లో కడిగి, వెలుతురుకి ఎత్తిపట్టి చూడండి. రంధ్రాలు అన్నీ తెరుచుకున్నట్టు కనిపించాలి. జిగురులా పట్టిన మైనం ఉంటే మెత్తటి బ్రష్షుతో పోగొట్టండి. జాలి చిరిగితే మార్చాల్సిందే, చిరిగిన జాలిలోంచి పోయిన ఒక్క ఇనుప ముక్క చాలు పంపు లోపల గీతలు పడటానికి. మూత కింది పాత ఓ రింగుని మళ్లీ పెట్టొద్దు.

3. సక్షన్ పైపు జాయింట్లన్నిటికీ చుట్టూ మందంగా గ్రీజు పూసి, ఇంజిన్ నెమ్మదిగా నడుపుతూ వినండి. ఏదైనా ఒక జాయింటుకి గ్రీజు పూయగానే ఆ గరగర తగ్గిందంటే గాలి అక్కడి నుంచే పోతోంది. గ్రీజు కాస్త లోపలికి గుంట పడి కనిపించడం కూడా ఆనవాలే. నా పంపు కథలో ఈ ఒక్క పని ముందే చేసి ఉంటే పది నిమిషాల్లో తేలిపోయేది. సక్షన్ వైపు లీకు నడుస్తుండగా గాలి లోపలికి పీలుస్తుందే తప్ప ఆయిల్‌ని బయటికి కార్చదు, అందుకే కంటికి కనిపించదు.

4. పైపుని రబ్బరు హోసుతో కలిపిన చోట క్లిప్పులు బిగించండి, హోసు పాతబడి మెత్తబడితే మార్చండి. మెత్తబడిన హోసు లోపలికి కుంచించుకుపోయి దారి మూసేస్తుంది, ఇంజిన్ ఆపగానే మళ్లీ మామూలుగా కనిపిస్తుంది.

పొద్దున బాగానే లేచి, గంట పనిచేశాక నీరసపడితే అది వేరే లెక్క. వేడికి ఆయిల్ పలచబడి, అరిగిన సందుల్లోంచి వెనక్కి జారిపోతోంది. ఆ సందులు పంపులో ఉండొచ్చు, కంట్రోల్ వాల్వులో ఉండొచ్చు, పిస్టన్ దగ్గర ఉండొచ్చు. ఒకే పనిముట్టు తగిలించి, ఇంజిన్ ఒకే వేగంలో పెట్టి, కింది నుంచి పై దాకా లేవడానికి ఎన్ని సెకన్లు పడుతోందో చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడెక్కాక ఒకసారి లెక్కపెట్టి రాసుకోండి. పంపు దగ్గర టెస్ట్ పోర్టు ఉంటే 250 బార్ దాకా చూపించే గేజ్ పెట్టి రిలీఫ్ ఒత్తిడి (హద్దు దాటగానే రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఆయిల్‌ని వదిలేసే ఒత్తిడి) చూడండి. వేడి ఆయిల్‌తో కూడా మాన్యువల్ చెప్పిన అంకె వచ్చి నిలబడితే పంపుని తిట్టక్కర్లేదు. అంకె తక్కువ వస్తే రిలీఫ్ వాల్వులో చెత్త ఇరుక్కుందా, స్ప్రింగ్ నలిగిందా అని చూడకుండా పంపు కొనొద్దు. రిలీఫ్ స్క్రూని అంచనాగా బిగించడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. ఒత్తిడి హద్దు దాటితే పగిలేది లిఫ్ట్ హౌసింగే.

ఇంజిన్ ఆపగానే దిగిపోవడం, ఇంజిన్ నడుస్తుండగా కొన్ని సెకన్లకోసారి చేతులు కాస్త జారి మళ్లీ ఎగరడం, ఈ రెండూ ఒకే లోపానికి రెండు ముఖాలు. సిలిండర్‌లోంచి ఆయిల్ కారిపోతోంది. నడుస్తున్నప్పుడు పొజిషన్ కంట్రోల్ ఆ జారుడు గమనించి మళ్లీ లేపుతుంది, అందుకే ఊగుతుంది.

ఇది ఎక్కడ కారుతోందో చెప్పే మంచి పరీక్ష మీ సీటు కిందే ఉంది. లిఫ్ట్ దిగే వేగం సరిచేసే నాబ్ చాలా చిన్న ట్రాక్టర్లలో కంట్రోల్ వాల్వుకీ సిలిండర్‌కీ మధ్యలో ఉంటుంది. బరువైన పనిముట్టు తగిలించి లేపండి. నాబ్‌ని పూర్తిగా మూసేయండి. ఇంజిన్ ఆపి, లింక్ చివర నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో స్కేలుతో కొలిచి రాసుకోండి. పది నిమిషాలాగి మళ్లీ కొలవండి. కదలకుండా నిలబడితే సిలిండర్ మంచిదే, లీకు కంట్రోల్ వాల్వు వైపు ఉంది. నాబ్ మూసినా దిగుతూనే ఉంటే లోపం పిస్టన్ ఓ రింగులోనో, సిలిండర్ గీతల్లోనో, సిలిండర్ సేఫ్టీ వాల్వులోనో, లేదా ఆ నాబ్ సీటులోనే ఉంది. వీటిలో పిస్టన్ ఓ రింగే చాలాసార్లు దోషి. దాన్ని మార్చడానికి లిఫ్ట్ కవర్ విప్పాలి, కానీ గేర్ బాక్సు ముట్టుకోనక్కర్లేదు. కొత్త రింగుతో పాటు దాని పక్కన ఉండే బ్యాకప్ రింగుని కూడా తీసిన వైపే తిరిగి కూర్చోబెట్టండి. అది తారుమారైతే కొత్త ఓ రింగు కొద్ది రోజులకే నలిగిపోతుంది.

లివర్ పై చివరికి లాగినప్పుడు లిఫ్ట్ పూర్తిగా లేచి, ఆ తర్వాత కూడా కీచుమంటూ అరుస్తుంటే ఫీడ్‌బ్యాక్ రాడ్డు సర్దుబాటు తప్పింది. చేతులు పైకి చేరగానే ఆ రాడ్డు వాల్వుని న్యూట్రల్‌కి తేవాలి. తేకపోతే రిలీఫ్ వాల్వు ఆపకుండా ఊదుతూ ఆయిల్‌ని వేడెక్కిస్తుంది. సర్దుబాటు సరిగా ఉంటే పైకి ఆగిన లిఫ్ట్ చేతుల్ని, ఇంజిన్ ఆపి, పనిముట్టు లేకుండా, చేత్తో ఇంకాస్త పైకి ఎత్తగలగాలి. ఆ కొద్దిపాటి వెసులుబాటు లేకపోతే రాడ్డు నట్లు సర్దండి.

క్లచ్: జారుతోందా, విడవట్లేదా?

ఈ రెండూ ఎదురెదురు జబ్బులు, మందులు కూడా ఎదురెదురే. ముందు పెడల్ ఫ్రీ ప్లే, అంటే క్లచ్ మీద పని చేయకముందు పెడల్ ఊరికే దిగే దూరం, కొలవండి. చాలావాటిలో 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఉండాలి, మీ మాన్యువల్‌లో అంకె ఇంకోలా ఉంటే అదే సరైనది. ప్లే లేకపోతే క్లచ్ జారుతుంది, ఎక్కువైతే విడవదు. సగం కేసులు ఇక్కడే, ఒక నట్టు తిప్పడంతో అయిపోతాయి.

జారుడు పరీక్ష చేసేటప్పుడు బండి ఎదురుగా ఎవరూ లేకుండా చూసుకోండి. రెండు బ్రేకు పెడళ్లనీ కలిపి గట్టిగా తొక్కి, పెద్ద గేరులో వేసి, ఇంజిన్ మధ్యస్థంగా ఎక్కించి, క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ ఆగిపోవాలి. ఆగకుండా రెండు మూడు సెకన్లు తిరుగుతూనే ఉంటే ప్లేటు జారుతోంది, వెంటనే క్లచ్ తొక్కేయండి.

ప్లేటు అరిగిందా, ఆయిల్ పడి జారుతోందా అన్నది బండి విప్పకుండానే చెప్పొచ్చు. క్లచ్ హౌసింగ్ అడుగున ఒక చిన్న రంధ్రం, అందులో వేలాడే ఒక కాటర్ పిన్ను ఉంటాయి. మట్టి పట్టి మూసుకుపోతే పిన్ను కదిలించి శుభ్రం చేసి, కింద తెల్ల కాగితం పరిచి రాత్రంతా వదిలేయండి. నల్లటి చుక్క పడితే అది ఇంజిన్ ఆయిల్, క్రాంక్ వెనక సీల్ పోయింది. తేనెరంగు చుక్క పడితే గేర్ బాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ నుంచి వస్తోంది. ఏమీ పడకపోతే ప్లేటు అరుగుదలే కావచ్చు.

నెలల తరబడి నిలిపిన బండికి క్లచ్ తొక్కినా గేరు పడదు. ప్లేటు తుప్పుతో ఫ్లైవీలుకి అతుక్కుపోయింది. బండి నిలిపేటప్పుడు పెడల్ తొక్కి కొక్కెం వేసి ఉంచమని చాలా మాన్యువళ్లు చెప్పేది ఇందుకే. అతుక్కున్నదాన్ని విడిపించడానికి ఇంజిన్ బాగా వేడెక్కించి ఆపండి. ఎదురుగా విశాలమైన ఖాళీ జాగా చూసుకుని, పెద్ద గేరులో వేసి, క్లచ్ తొక్కిపట్టి స్టార్ట్ చేసి, కాస్త ముందుకెళ్లాక బ్రేకు తొక్కితే చాలాసార్లు విడుస్తుంది. న్యూట్రల్‌లోనే స్టార్ట్ అయ్యేలా చేసే సేఫ్టీ స్విచ్చుని మాత్రం దీనికోసం పీకేయొద్దు. అది ఉన్న బండికి హౌసింగ్ విప్పడమే మేలు.

శబ్దం కూడా చాలా చెబుతుంది. పెడల్ తొక్కితేనే వచ్చే కీచు రిలీజ్ బేరింగుది. న్యూట్రల్‌లో పెడల్ వదిలినప్పుడు వచ్చి, తొక్కగానే ఆగే మూలుగు ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగుది.

బండి కదలనప్పుడు

ముందు హై–లో రేంజ్ లివర్ మధ్యలో ఉండిపోలేదని చూడండి. తర్వాత ఇంజిన్ నడుపుతూ పీటీవో (ఇంజిన్ శక్తితో పనిముట్లను తిప్పే షాఫ్టు) వేయండి, షాఫ్టు దగ్గరికి ఎవరినీ రానివ్వొద్దు. పీటీవో కూడా తిరగకపోతే లోపం క్లచ్ దగ్గర లేదా గేర్ బాక్సు మొదట్లో ఉంది. పీటీవో బాగా తిరుగుతుంటే ముందుకెళ్లండి. రెండు క్లచ్‌లున్న బండిలో మాత్రం పీటీవో తిరిగినంత మాత్రాన ట్రాన్స్‌మిషన్ క్లచ్ మంచిదని అనుకోకూడదు.

ఫోర్ వీల్ బండైతే ముందు చక్రాల డ్రైవ్ వేసి గేరులో వదలండి. ముందు చక్రాలు లాగి, వెనకవి లాగకపోతే గేర్ బాక్సు, డిఫరెన్షియల్‌ని తిప్పే పినియన్ గేరు దాకా మంచిదే. విరిగినది డిఫరెన్షియల్‌లోనో యాక్సిల్‌లోనో ఉంది. ఆ తర్వాత డిఫరెన్షియల్ లాక్ తొక్కి చూడండి. లాక్ వేస్తే కదిలి, వదిలితే ఆగిపోతోందంటే ఒక పక్క యాక్సిల్ షాఫ్టో ఫైనల్ డ్రైవ్ గేరో విరిగింది. ఈ పరీక్ష ఒకటి రెండడుగులకే పరిమితం చేయండి. విరిగిన ముక్కలు లోపల తిరిగితే మంచి గేర్లు కూడా పోతాయి.

ఒకే గేరులో శబ్దం వస్తే ఆ గేరు పళ్లు, అన్నిట్లో వస్తే షాఫ్ట్ బేరింగులు లేదా క్రౌన్–పినియన్, మలుపు తిప్పినప్పుడే వస్తే డిఫరెన్షియల్ చిన్న గేర్లు. లోడు పడగానే గేరు బయటికి ఎగిరిపోతుంటే ముందు పై కవర్‌లోని లాక్ బాల్, స్ప్రింగ్ చూడండి, తర్వాత ఫోర్కు అరుగుదల. పళ్ల అంచులు గుండ్రంగా అరిగిపోయి ఉంటే స్ప్రింగ్ మార్చినా నిలవదు.

టైర్లు, సీళ్లు

ముందు టైరు సైజు మార్చి ముందు యాక్సిల్ గేర్లు విరగ్గొట్టుకున్న బళ్లు నాకు బాధ కలిగిస్తాయి, ఎందుకంటే అది చాక్‌పీసుతో తప్పించుకోగలిగిన నష్టం. వదులు మట్టిలో వెనక టైరు పది చుట్లు తిరిగేలోపు ముందు టైరు ఎన్ని చుట్లు తిరిగిందో, డ్రైవ్ వేయకుండా ఒకసారి, వేసి ఒకసారి, టైరు మీద గీత గీసి లెక్కపెట్టండి. డ్రైవ్ వేసినప్పుడు 1 నుంచి 5 శాతం ఎక్కువ తిరగాలి. తక్కువ తిరిగినా, మరీ ఎక్కువ తిరిగినా టైరు సైజులు జత కుదరలేదు. జత సరిగ్గా ఉన్నా గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి నడపొద్దు.

యాక్సిల్ సీళ్లు పదేపదే కారుతుంటే సీల్ కొనే ముందు గేర్ బాక్సు బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే చిన్న దారి) తీసి ఊదండి. మట్టితో మూసుకుపోతే వేడికి లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్‌ని ఎంత కొత్త సీల్ నుంచైనా తోసేస్తుంది.

బండి రెండు ముక్కలు చేయాల్సి వస్తే

పరీక్షలన్నీ క్లచ్ వైపే చూపిస్తే హౌసింగ్ దగ్గర బండిని విడదీయక తప్పదు. ముందు యాక్సిల్ మధ్యలో ఒక్క పిన్ను మీద ఊగుతుంది కాబట్టి, విడదీసే ముందే యాక్సిల్‌కీ ఫ్రేముకీ మధ్య రెండు పక్కలా చెక్క చీలలు కొట్టండి. లేకపోతే ఇంజిన్ భాగం పక్కకి ఒరిగిపోతుంది. ఇంజిన్ కిందా, గేర్ బాక్సు కిందా వేర్వేరు స్టాండ్లు ఉండాలి. తెరిచాక క్లచ్ ప్లేటుతో పాటు రిలీజ్ బేరింగు, పైలట్ బేరింగు, క్రాంక్ వెనక సీల్, ఇన్‌పుట్ సీల్ అన్నీ అప్పుడే మార్చేయండి. ఒక్క సీల్ కోసం మళ్లీ ఇంత పని చేయాలని ఎవరికీ ఉండదు.

మూసి, కొత్త ఆయిల్ పోశాక వెంటనే ఇంజిన్ రేజ్ చేయకండి. నెమ్మదిగా నడుపుతూ, బరువు లేకుండా లిఫ్ట్‌ని అయిదారుసార్లు లేపి దించండి, పైపుల్లోని గాలి బయటికి వస్తుంది. ఆపి, చేతులు దించి, మట్టం చూసి తక్కువైతే పోయండి. పది గంటలు పనిచేశాక జాలి మళ్లీ తీసి చూడండి. పాత ట్రాక్టర్‌లో కొత్త ఆయిల్ మూలల్లో ఏళ్లుగా పట్టిన మడ్డిని కడిగి తెస్తుంది, అదంతా వచ్చి ఆగేది ఆ జాలి దగ్గరే.